చర్చ: హాస్టల్ వై-ఫైలో ఫైళ్లు పంచుకున్న విద్యార్థిని హాస్టల్ నుంచి తొలగించడం న్యాయమేనా?

కపిలతీర్థం వాసి:
తిరుపతి శివార్లలోని ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాల హాస్టల్‌లో ఇటీవల ఒక సర్క్యులర్ అంటించారు. సినిమాలు గానీ, సాఫ్ట్‌వేర్ గానీ, పుస్తకాలు గానీ టోరెంట్ (ఇంటర్నెట్‌లో ఒకరి కంప్యూటర్ నుంచి మరొకరు నేరుగా ఫైళ్లు తెచ్చుకునే పద్ధతి) ద్వారా దించుకున్నట్టు తేలితే ఐదు వేల రూపాయల జరిమానా అని, రెండోసారి పట్టుబడితే హాస్టల్ నుంచి తొలగిస్తామని అందులో ఉంది. మా తమ్ముడి కొడుకు అక్కడే చదువుతున్నాడు. కొత్త సినిమా దించుకున్నవాణ్ణీ, కొనే స్తోమత లేక పాఠ్యపుస్తకం పీడీఎఫ్ తెచ్చుకున్నవాణ్ణీ ఒకే గాటన కట్టడం నాకు సబబుగా తోచడం లేదు. చదువు కోసం చేసిన పనికి చట్టంలో ఎక్కడా వెసులుబాటు లేదా?

చిత్తూరు వకీలు:
వెసులుబాటు ఉంది, కానీ మీరు అనుకున్నంత విశాలంగా లేదు. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ వ్యక్తిగత ఉపయోగానికి, పరిశోధనకు, బోధనలో భాగంగా గురువో శిష్యుడో ప్రతి తీసుకోవడానికి మినహాయింపు ఇస్తుంది. అయితే సొంతానికి న్యాయమైన మేరకు ప్రతి తీసుకోవడం వేరు, పుస్తకం మొత్తాన్ని ఊరూ పేరూ తెలియని వేల మందికి అందుబాటులో పెట్టడం వేరు. రెండో పనికి 63వ సెక్షన్ వర్తిస్తుంది. తెలిసి ఉల్లంఘించినా, అందుకు తోడ్పడినా ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి రెండు లక్షల రూపాయల వరకు జరిమానా. వ్యాపార లాభం కోసం కాదని తేలితే, ప్రత్యేక కారణాలు రాసి న్యాయస్థానం శిక్షను తగ్గించవచ్చు. ఈ నేరం కాగ్నిజబుల్, నాన్-బెయిలబుల్ అని 2022 మే నెలలో నిట్ ప్రో కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయగలరు, బెయిలు హక్కుగా రాదు. ఇరవై ఏళ్ల పిల్లవాడికి చివరకు శిక్ష పడుతుందా లేదా అన్న ప్రశ్న కంటే ముందు ఆలోచించవలసినది ఇది.

సర్వర్ గది:
నేను ఒక కళాశాలలో నెట్‌వర్క్ పని చూస్తాను. దించుకున్నవాడు, పంచినవాడు అని మీరిద్దరూ విడదీసి మాట్లాడుతున్నారు గానీ, టోరెంట్‌లో ఆ గీత మామూలుగా నిలవదు. అది ఫైలును చిన్న చిన్న ముక్కలుగా తెస్తూ, అందిన ముక్కను అడిగిన ఇతరులకు వెంటనే పంపుతుంది. ఒకసారి ఆ సాఫ్ట్‌వేర్ తెరచి చూడండి. డౌన్‌లోడ్ అంకె పక్కనే అప్‌లోడ్ అంకె కూడా పెరుగుతూ ఉంటుంది. కింద పీర్స్ అన్న చోట నొక్కితే ఎదుటివారి ఐపీ చిరునామాలు (ఇంటర్నెట్‌లో ఒక కనెక్షన్‌ను గుర్తించే అంకెలు), దేశాల జెండాలతో సహా, బారులు తీరి కనిపిస్తాయి. వాళ్లు మనకు కనిపిస్తున్నట్టే మనమూ వాళ్లకు కనిపిస్తాం. హక్కుదారు నియమించుకున్న నిఘా సంస్థ కూడా ఆ బారులో ఉండవచ్చు.

బయటివారికి కనిపించేది కళాశాల చిరునామా కాబట్టి తాఖీదు ముందుగా మాకే వస్తుంది. లోపల ఎవరన్నది ఫైర్‌వాల్ లాగ్ చెబుతుంది: ఏ రోల్ నంబరుతో, ఏ సమయంలో, ఎంత డేటా పోయిందో అందులో ఉంటుంది. కానీ అది లాగిన్‌ను చూపిస్తుందే తప్ప మనిషిని చూపించదు. గదిలో నలుగురూ ఒకరి పాస్‌వర్డే వాడుకోవడం ప్రతి హాస్టల్‌లో ఉన్న సంగతే, అప్పుడు పాస్‌వర్డ్ ఇచ్చినవాడే ఇరుక్కుంటాడు. అందుకే నిబంధన అవసరమే అంటాను. అయితే ఇప్పుడు నేను రాసిన ఈ నాలుగు ముక్కలైనా పిల్లలకు చెప్పకుండా, సంజాయిషీ అడగకుండా, జరిమానా అంకె మాత్రం అంటించడం బాధ్యత అనిపించుకోదు.

టూ-వన్ సెమ్:
అందరికీ నమస్కారం. నేను విద్యార్థిని. మాలో టోరెంట్ వాడేవారు ఇప్పుడు తక్కువ, అంతా టెలిగ్రామ్‌లోనే నడుస్తోంది. బాలాజీ కాలనీ వైపు ఒక జిరాక్స్ దుకాణంలో కంప్యూటర్ డెస్క్‌టాప్ మీదే ‘ఆర్23 సీఎస్‌ఈ 2-1’, ‘ఈసీఈ 3-2’ అని బ్రాంచి, సెమిస్టర్ వారీగా ఫోల్డర్లు ఉంటాయి. సబ్జెక్టు పేరు చెబితే పుస్తకం మొత్తం ప్రింటు తీసి స్పైరల్ బైండింగ్ చేసి ఇస్తారు. డబ్బు తీసుకునేది దుకాణం, సర్క్యులర్ మాత్రం మాకు. పైగా ఢిల్లీ విశ్వవిద్యాలయం జిరాక్స్ కేసులో ప్రచురణకర్తలే ఓడిపోయారు కదా సార్?

చిత్తూరు వకీలు:
ఓడిపోయిన మాట నిజమేనమ్మా. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి ప్రచురణ సంస్థలు మరొకరితో కలిసి 2012లో వేసిన దావాను ఢిల్లీ హైకోర్టు 2016 సెప్టెంబరులో కొట్టివేసింది. అదే ఏడాది డిసెంబరులో డివిజన్ బెంచి కూడా బోధనకు అవసరమైన మేరకు ప్రతులు తీయడం తప్పు కాదన్నది. అయితే అక్కడ వివాదం అధ్యాపకులు సూచించిన పాఠ్యభాగాలను కలిపి కుట్టిన కోర్సు ప్యాక్‌ల గురించి. ఏ పుస్తకాన్నయినా మొత్తంగా అచ్చు వేసి అమ్ముకోవచ్చని ఆ తీర్పు చెప్పలేదు. ఆ దుకాణదారు లాభానికి చేస్తున్నాడు కాబట్టి, శిక్ష తగ్గింపు కోరే దారి కూడా అతనికి లేదు.

టెలిగ్రామ్ గురించి మరొక మాట. తన పాఠాలను, పుస్తకాలను ఛానళ్లలో పెట్టి పంచుతున్నారని ఒక కోచింగ్ అధ్యాపకురాలు వేసిన దావాలో, నిర్వాహకుల ఫోన్ నంబర్లు, ఐపీ చిరునామాల వంటి వివరాలు ఇవ్వాలని 2022 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు టెలిగ్రామ్‌ను ఆదేశించింది. సర్వర్లు సింగపూర్‌లో ఉన్నాయన్న వాదన అక్కడ నిలవలేదు, వివరాలు ఇవ్వక తప్పలేదు. మారుపేరు పెట్టుకుంటే దొరకమన్న ధీమా మీ స్నేహితులలో ఎవరికైనా ఉంటే వారికి ఈ సంగతి చెప్పండి.

లైబ్రరీ అరుగు:
ఒక చిన్న సమాచారం. ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద 2025 జనవరి నుంచి 30 ప్రచురణ సంస్థల దాదాపు 13 వేల పరిశోధన పత్రికలు ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుబాటులోకి వచ్చాయి. ఎస్వీ విశ్వవిద్యాలయం, ఐఐటీ, ఐసర్ వంటి చోట్ల చదివేవారు తమ గ్రంథాలయంలో అడగవచ్చు. ప్రైవేటు కళాశాలల పిల్లలకు ఈ తొలి దశలో ఆ భాగ్యం లేదు, పైగా ఇవి పత్రికలే గాని పాఠ్యపుస్తకాలు కావు. ఆటోక్యాడ్‌ను మాత్రం ఆటోడెస్క్ విద్యార్థులకు ఉచితంగానే ఇస్తున్నా, క్రాక్ (తాళం విరిచిన దొంగ ప్రతి) కోసం వెతకడం ఎందుకో నాకు అర్థం కాదు.

కపిలతీర్థం వాసి:
లైబ్రరీ గారి మాటతో నా వాదనకు బలం చేకూరింది. ఒక్కో పాఠ్యపుస్తకానికి పది ప్రతులైనా గ్రంథాలయంలో పెట్టని యాజమాన్యం హాస్టల్‌లో మాత్రం పోలీసు పాత్ర వహించడమేమిటి? తొలగింపు కంటే ముందు ఆ లోటు భర్తీ చేయమనండి. సరే, వకీలు గారూ, రేపు మావాడే పట్టుబడి ఆ ఐదు వేలూ కట్టేస్తే వ్యవహారం అంతటితో ముగిసినట్టేనా?

చిత్తూరు వకీలు:
ముగియదండీ. అది కళాశాల తన నిబంధన ప్రకారం వసూలు చేసుకున్న సొమ్ము, అందులో హక్కుదారుకు చేరేది ఏమీ లేదు. ఆయన నష్టపరిహారానికి సివిల్ దావా వేయవచ్చు, పోలీసులకు ఫిర్యాదూ ఇవ్వవచ్చు. కాబట్టి జరిమానా కట్టేటప్పుడు ‘నేరం అంగీకరిస్తున్నాను’ అని ముందే టైపు చేసి ఉంచిన కాగితం ఇస్తే దానిపై సంతకం చేయవద్దని, ఆ లాగిన్‌ను గదిలో ఎవరెవరు వాడుతున్నారో ఉన్నదున్నట్టు సంజాయిషీలో రాసి, దాని నకలు మీద తేదీ, ముద్ర వేయించుకోమని మీవాడికి చెప్పండి.