బొడ్డుతాడు రక్తం దాచాలా, వద్దా?

కాబోయే నాన్న, కూకట్‌పల్లి:
మా ఆవిడకి ఏడో నెల. మొన్న చెకప్‌కి వెళ్తే స్టెమ్ సెల్ బ్యాంక్ వాళ్లు కూర్చోబెట్టి, కాన్పు కాగానే బొడ్డుతాడు రక్తం దాచమన్నారు. రేపు బిడ్డకి తలసేమియా వచ్చినా, బ్లడ్ క్యాన్సర్ వచ్చినా దాంతోనే నయమవుతుందట. ఈఎంఐ కూడా ఉందట. అత్తగారు కట్టేయమంటున్నారు. ఏం చేయాలో తేలక టెన్షన్‌గా ఉంది.

ఇద్దరు పిల్లల తండ్రి, ఉప్పల్:
కట్టేయండి బ్రదర్. మా పాపకి కట్టాం. అవసరం రాకపోతే సంతోషం. వస్తే? ఆ రక్తం మళ్లీ దొరకదు కదా.

తలసేమియా అమ్మ, అత్తాపూర్:
అన్నా, తొందరపడకండి. మా బాబుకి తొమ్మిదేళ్లు. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఆ రోజు దగ్గరపడేసరికి పెదాలు పాలిపోతాయి, మెట్రో మెట్లు సగం ఎక్కి కూర్చుండిపోతాడు. తలసేమియా జన్యువుల్లో ఉండే జబ్బు. ఆ లోపం బొడ్డుతాడు రక్తంలోని మూలకణాల్లోనూ, అంటే రక్తాన్ని తయారుచేసే స్టెమ్ సెల్స్‌లోనూ ఉంటుంది. వాడిది వాడికే ఎక్కిస్తే మళ్లీ అదే రక్తం తయారవుతుంది. బిడ్డ కోసమే దాచుకోవడానికి శాస్త్రీయ ఆధారం లేదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల్లోనే చెప్పింది.

ఉప్పల్:
మరి 1988లో పారిస్‌లో బొడ్డుతాడు రక్తంతోనే ఒక బాబుని బతికించారు కదమ్మా?

అత్తాపూర్:
అవును, కానీ అది వాడిది కాదు, అప్పుడే పుట్టిన చెల్లెలిది. ఇంట్లో ఒక బిడ్డకి జబ్బుంటే తర్వాతి కాన్పులో దాచాల్సిందే. మేమూ దాచాం. ఒకరి మూలకణాలు ఇంకొకరికి సరిపోతాయో లేదో హెచ్‌ఎల్‌ఏ అనే కణాల గుర్తులు చెబుతాయి. తోబుట్టువుల మధ్య అవి పూర్తిగా కలిసే అవకాశం 25 శాతమే. మా పాపది కలవలేదు. రిపోర్టు చూసిన రోజు నాకు అన్నం సహించలేదు.

ఇప్పుడు మూలకణాల దాతల రిజిస్ట్రీలో మావాడికి సరిపోయే మనిషి కోసం చూస్తున్నాం. పేరు రాయించుకోవడానికి చెంప లోపల దూదిపుల్ల తిప్పితే చాలు. కలిస్తే సాధారణంగా ఐదు రోజులు ఇంజెక్షన్లు, తర్వాత చేతి నరం నుంచి రక్తం తీసి, మెషిన్లో మూలకణాలు వేరుచేసి మిగతాది మళ్లీ ఎక్కిస్తారు. ఎముక కోస్తారనుకుని, కలిశాక కూడా వెనక్కి తగ్గేవాళ్లున్నారు. అవతల రోగికి పాత మూలకణాలను చంపే కీమో అప్పటికే మొదలుపెట్టి ఉంటే ప్రాణానికే ముప్పు.

ఉప్పల్:
నిజమే కావచ్చు. అయినా నేను మాత్రం కట్టడం ఆపను. రేపు వైద్యం ఎక్కడికి వెళ్తుందో ఎవరికి తెలుసు?

అత్తాపూర్:
మీ ఇష్టం, మీ బిడ్డ. కూకట్‌పల్లి అన్నా, మీ ఇద్దరికీ తలసేమియా లోపం ఉందేమో చూసే హెచ్‌బీఏ2 రక్తపరీక్ష అయిందా? ఇద్దరూ తలసేమియా వాహకులైతే, అంటే జబ్బు లేకున్నా ఆ లోపాన్ని మోస్తుంటే, ప్రతి కాన్పులో బిడ్డకి జబ్బు వచ్చే ముప్పు 25 శాతం. మాకు ఎవరూ చెప్పలేదు.

కూకట్‌పల్లి:
చేయించలేదక్కా. రేపు పొద్దున్నే ఇద్దరం వెళ్తాం.