రోజూ చింతపండు మరిగే ఇంటికి ఏ పాత్ర మన్నుతుంది: ఇనుమా, ఇత్తడా, మూడు పొరల స్టీలా?

వంటింటి కిటికీ (కాకినాడ):
కొత్త ఇంట్లోకి మారుతున్న సందర్భంలో, సొట్టలు పడిన పాత సిల్వరు గిన్నెలన్నీ తీసివేయాలని నిర్ణయించుకున్నాము. అటక మీది ఇత్తడి తపేలాలకు కళాయి (లోపల తగరపు పూత) వేయించి వాడుకోమని మా అత్తగారు అంటున్నారు; మూడు పొరల స్టీలు తప్ప మరొకటి కొనవద్దని మా అబ్బాయి పట్టుబడుతున్నాడు; నాకేమో ఇనుప మూకుడు మీద మనసుంది. మా ఇంట్లో పప్పుచారు, పులుసు, చేపల కూర వారానికి ఐదు రోజులైనా ఉంటాయి. మూడు పొరల కడాయి ఒక్కటే 3,000 రూపాయలు చెబుతున్నారు. అంత డబ్బు పెట్టడం న్యాయమేనా? ఇరవై ఏళ్లు మన్నేది ఏదో చెప్పండి, అందం సంగతి నాకు అక్కరలేదు.

మూకుడు మనిషి:
మీ మనసు చెప్పిన మాటే సరైనదండి. పోత ఇనుములో ఊడిపోవడానికి పూత లేదు, విడిపోవడానికి పొరలు లేవు, వదులు కావడానికి మరలు లేవు. పిడితో సహా ఒకే ముక్కగా పోసిన పెనానికి, గచ్చు మీద పడి పగిలితే తప్ప, చావు లేదు. నూనె పలుచగా రాసి బాగా కాల్చిన ప్రతిసారీ ఆ నూనె గట్టిపడి, లోహానికి అతుక్కున్న నల్లని పొరగా మారుతుంది. కొత్తలో అట్టును పట్టుకుని వదలని పెనమే ఏడాది తిరిగేసరికి చుక్క నూనెతో అట్టును జారవిడుస్తుంది. వాడేకొద్దీ మెరుగయ్యే వస్తువు వంటింట్లో ఇంకేముంది? పైగా ఇనుము వేడిని సమానంగా పంచుతుంది కనుక వేపుడు మాడదు.

లోహపు ముక్క (హైదరాబాదు):
ఉద్యోగకాలమంతా ఉక్కుతో గడిపినవాడిని కాబట్టి, మూకుడు మనిషి గారి చివరి వాక్యాన్ని ఒప్పుకోలేను. ఇనుము వేడిని నిలుపుకుంటుందే గాని త్వరగా పంచదు. వేడిని ప్రసరింపజేసే గుణంలో పోత ఇనుము అల్యూమినియానికి నాలుగో వంతు కూడా తూగదు. చిన్న మంట మీద పెద్ద పెనం పెట్టినప్పుడు అట్టు నడుమ ఎర్రబడి, అంచులు తెల్లగా ఉండిపోవడానికి కారణం అదే. స్టీలు ఇంకా అధ్వానం, ఎందుకంటే అల్యూమినియం దానికంటే సుమారు 15 రెట్లు మెరుగైన వాహకం. పలుచని స్టీలు గిన్నెలో పప్పు మంట తగిలిన చోటల్లా అడుగంటుతుంది కాబట్టే, రెండు స్టీలు పొరల నడుమ అల్యూమినియం పెట్టి మూడు పొరల పాత్రను తయారుచేశారు.

ఇక చింతపండు సంగతి. అందులోని టార్టారిక్ ఆమ్లం, పులుసు మరుగుతున్నంతసేపూ, ఆయన ఏడాదిపాటు పెంచిన ఆ నల్లని పొరను తింటూనే ఉంటుంది. పులుసు నల్లబడి నోటికి ఇనుము రుచి తగులుతుంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాలు కూడా, సాంబారు, పచ్చళ్ల వంటి పుల్లని పదార్థాలను అల్యూమినియం, ఇనుము, కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలలో నిల్వ ఉంచవద్దని చెబుతున్నాయి.

అయితే మీ అబ్బాయికి ఒక హెచ్చరిక. అడుగున మాత్రమే అల్యూమినియం బిళ్ల అతికించి, పక్కలు ఒంటి పొరగా వదిలేసిన గిన్నెలు కూడా బజారులో ఉన్నాయి. గ్యాసు మంట ఆ బిళ్ల దాటి పైకి ఎగిసినప్పుడు, బిళ్ల అంచు చుట్టూ గుండ్రంగా పులుసు మాడుతుంది. అంచు దాకా మూడు పొరలూ ఉన్నదానికైతేనే మీరు చెప్పిన ధర పెట్టడం సబబు.

తణుకు తపేలా:
ఇత్తడి సామానుకు పేరుపడిన అజ్జరం మాకు దగ్గర కాబట్టి నేను పక్షపాతినే, ముందే చెప్పేస్తున్నాను. ఇత్తడి స్టీలుకంటే ఎన్నో రెట్లు బాగా వేడిని పంచుతుంది, కళాయి ఉన్నంతకాలం పులుపుకూ భయం లేదు. పాత్రను కాల్చి, నవసాగరం చల్లి, తగరం కరిగించి గుడ్డతో లోపలంతా పూస్తే, పాత తపేలా మళ్లీ వెండిలా మెరుస్తుంది. సొట్ట పడితే తీయించుకోవచ్చు, పూత అరిగితే మళ్లీ వేయించుకోవచ్చు, ఎప్పుడైనా వద్దనుకుంటే తూకానికి మంచి ధర పలుకుతుంది. మూడు పొరల స్టీలును పాతసామాన్లవాడికి వేస్తే ఏమిస్తాడో ఆలోచించండి.

లోహపు ముక్క:
తూకం మాట నిజమేనండి. కాని తగరం 232 డిగ్రీల వద్ద కరుగుతుంది. ఖాళీ తపేలాను పొయ్యి మీద మరచిపోయినా, అందులోనే నూనె బాగా కాచి పోపు పెట్టినా పూత చెదురుతుంది, చెదిరిన చోట పులుపు తగిలితే చిలుము పుడుతుంది. తగరంతోనే చేసిన సత్తు గిన్నెలో చారు కాచే పెద్దవాళ్లు ముందు నీళ్లు పోసి ఆ తరువాతే పొయ్యి వెలిగించేది అందుకే. నా ప్రశ్న ఒక్కటే: కళాయివాడు మీ వీధిలోకి ఆఖరిసారి ఎప్పుడు వచ్చాడు?

అట్లతద్ది:
నాన్‌స్టిక్‌ను ఎవరూ తలవనైనా తలవలేదు. తక్కువ నూనె వాడవలసినవారి మాటేమిటి?

లోహపు ముక్క:
అట్టుకు అది సుఖమే, కాదనను. కాని ఆ పూత 260 డిగ్రీలు దాటితే చెడడం మొదలవుతుంది, ఖాళీ పెనం ఎక్కువ మంట మీద ఆ వేడిని కొద్ది నిమిషాల్లోనే అందుకుంటుంది, ఇనుప గరిటె తగిలితే గీతలు పడుతుంది. అడగబడినది ఇరవై ఏళ్ల మన్నిక. ఆ లెక్కలో దానికి చోటు లేదు.

మూకుడు మనిషి:
పులుసు విషయంలో ఓడిపోయానని ఒప్పుకుంటున్నాను, వేపుడు విషయంలో కాదు. అయినా స్టీలు అనగానే నమ్మేయడమెలా? నికెల్ తగ్గించి మాంగనీసు కలిపిన చవక రకం కూడా అంతే మెరుస్తుంది కదా?

లోహపు ముక్క:
ఈ సందేహం సబబైనది. వంటపాత్రలకు వాడే 304 రకం స్టీలులో క్రోమియం సుమారు 18 శాతం, నికెల్ సుమారు 8 శాతం ఉంటాయి. మీరు చెప్పిన చవక రకం 200 వరుస స్టీలు. దుకాణంలో అయస్కాంతం పెట్టి చూపిస్తారు గాని, సాధారణంగా అది ఈ రెండింటికీ అంటుకోదు కనుక ఆ పరీక్ష వాటిని వేరు చేయలేదు. ఇండక్షన్ పొయ్యి కోసం మూడు పొరల పాత్రకు వెలుపల అయస్కాంతం పట్టే స్టీలునే వేస్తారు, అక్కడ అంటుకుంటే అది కల్తీ కాదు. లోపలి పొర రకం పాత్ర మీద ముద్రించి ఉందా, స్టీలు వంటపాత్రల ప్రమాణమైన ఐ.ఎస్. 14756 సంఖ్యతో ఐ.ఎస్.ఐ. గుర్తు ఉందా అని చూడడమే మనం చేయగలిగింది.

వంటింటి కిటికీ:
అందరికీ కృతజ్ఞతలు. కళాయివాడు మా వీధికి వచ్చి నాలుగేళ్లు దాటిందని మా అత్తగారే ఒప్పుకున్నారు, తపేలాలు అమ్మడానికి మాత్రం ససేమిరా అన్నారు. పులుసుకు అంచు దాకా మూడు పొరలున్న గిన్నె ఒక్కటి, వేపుళ్లకూ అట్లకూ ఇనుప మూకుడు, పెనం తీసుకుంటున్నాను.

మూకుడు మనిషి:
సంతోషమండి. కాకినాడ సముద్రపు గాలికి తడి మూకుడు రాత్రికి రాత్రే తుప్పు పడుతుంది. కడిగిన వెంటనే సన్నని మంట మీద ఆరబెట్టి, వేడిగా ఉండగానే చుక్క నూనె రాయండి. కొత్త మూకుడులో మొదటి నెల టమాటా మాత్రం వేయకండి.