అప్‌డేట్: పెసహ్ పండక్కి నా బియ్యం, ఇంగువ సంగతి

ఇజ్రాయెల్‌లో నేను చూసుకునే పెద్దావిడ ఇంట్లో పెసహ్‌కి (యూదుల పాస్ఓవర్ పండక్కి) నా బియ్యం, కందిపప్పు ఉంచుకోవచ్చా అని అడిగాను కదా. ఆవిడ కూతురు రబ్బీని (యూదు మతగురువుని) కనుక్కుని చెప్పారు.

బియ్యం, పప్పులు కిట్నియోత్, అంటే పెసహ్‌లో కొందరు యూదులు మానేసే గింజలు. వీళ్లలాంటి అష్కెనాజీలు (యూరప్ మూలాల యూదులు) ఆ 7 రోజులూ తినరు, సెఫార్దీల్లో (స్పెయిన్ వైపు మూలాల యూదుల్లో) చాలామంది తింటారు. తినకపోయినా ఇంట్లో ఉండటానికి అభ్యంతరం లేదట. నా గిన్నెలు మాత్రం వాళ్ల వాటితో కలవకూడదు.

అసలు చిక్కు గోధుమతోనే. బొంబాయి రవ్వ, సేమ్యా ఎలాగూ తీసేయాలి. ఇంగువ డబ్బా తిప్పి చూస్తే అందులోనూ గోధుమపిండి! అంటే అదీ హమేత్స్ (పెసహ్‌లో ఇంట్లో ఉండకూడని, గోధుమలాంటి ధాన్యంతో చేసిన పులిసే పదార్థం) కిందకే వస్తుంది. ఇంగువ కలిసిన సాంబారు పొడి కూడా అంతే. అన్నీ మూటగట్టి స్నేహితురాలి గదిలో పెట్టొచ్చాను. పెద్దావిడ నిశ్చింతగా ఉన్నారు, నాకూ టెన్షన్ తీరింది. ఇలాంటి ఇళ్లలో పనిచేసేవాళ్లు ముందే ఇంగువ డబ్బా చూసుకోండి.