అప్‌డేట్: ఓఆర్‌ఎస్‌లో ఉప్పుకు తోడు గ్లూకోజ్ దేనికి?

అమలాపురంలో నాన్నగారికి విరేచనాలు పట్టుకున్నప్పుడు, ఓఆర్‌ఎస్ (ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లు) బదులు ఉత్త నీళ్లు చాలవా, అందులో ఉప్పుకు తోడు గ్లూకోజ్ దేనికి అని ఇక్కడ ఇంతకుముందు అడిగాను. ఇప్పుడు బాగా తేరుకున్నారు, పొద్దున గంజన్నం అడిగి మరీ తిన్నారు. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

పేగు కణాల పొరలో ఎస్‌జీఎల్‌టీ1 అనే ప్రోటీన్ ఉంటుందట. రెండు సోడియం అయాన్లతో పాటు ఒక గ్లూకోజ్ అణువును లోపలికి చేరవేస్తుంది. వాటి వెంటే ఆస్మాసిస్‌తో (ఉప్పు, చక్కెర లాంటివి ఎక్కువున్న వైపుకు నీరు దానంతటదే వెళ్లడం) నీరు వెళ్తుంది. అందుకే ఉప్పుకు తోడు గ్లూకోజ్ అన్నమాట. కలరాలో కూడా ఈ దారి పనిచేస్తూనే ఉంటుందని తెలిసి ఎంత ఆశ్చర్యపోయానో!

ప్యాకెట్ మీద చూశాను: లీటరుకు ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5. తీపి మరీ ఎక్కువైతే నీరు తిరిగి పేగులోకే వచ్చి విరేచనాలు పెరుగుతాయి. కోనసీమలో కొబ్బరిబోండాలకు కొదవలేదు గానీ, ఆ నీళ్లలో సోడియం తక్కువ. అందుకే ఓఆర్‌ఎస్‌కు బదులుగా వాటిని ఇవ్వలేదు.