సముద్రం పక్కన తిరిగిన జిప్సీ: ఇంజన్ బాగుంటే చాలా, ముందు చాసిస్ చూడాలా?

కాఫీతోట:
అందరికీ నమస్కారం. పాడేరు దగ్గర మా తోటకి వెళ్లే దారి వానాకాలంలో మామూలు కారుకి సాధ్యం కాదు. అందుకే సెకండ్ హ్యాండ్ మారుతి జిప్సీ (జీపు లాంటి ఫోర్ వీల్ డ్రైవ్ బండి) వెతుకుతున్నాం. విశాఖలో బీచ్ రోడ్డు వైపు 2008 మోడల్ జిప్సీ కింగ్ ఒకటి దొరికింది. సాఫ్ట్ టాప్, షెడ్డు లేకుండా ఇంటి ముందే ఉంటుంది. ఒక్క సెల్ఫ్‌కే స్టార్టయింది, పొగ లేదు. మా బావ "ఇంజన్ ఇంత బాగుంటే ఇంకేం చూస్తావు, అడ్వాన్స్ ఇచ్చేద్దాం" అంటున్నాడు. కానీ కింద అంతా కొత్తగా నల్ల కోటింగ్ కొట్టి ఉంది. నాకు అక్కడే అనుమానం. ఏం చేయమంటారు?

ఉక్కునగరం:
అడ్వాన్స్ ఇవ్వకండి తమ్ముడూ. జిప్సీలో అన్నిటికంటే తేలిగ్గా బాగయ్యేది ఇంజనే. 2000 నుంచి వచ్చిన ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోల్ పంపే) జిప్సీలో ఉన్నది 1298 సీసీ, 16 వాల్వుల ఇంజన్. ఎస్టీమ్‌ కారులోనూ అదే కుటుంబం ఇంజన్. బోర్ అరిగినా, హెడ్ గాస్కెట్ పోయినా దించి చేసే మెకానిక్‌లు ఇప్పటికీ ఉన్నారు. చాసిస్ (బండి బరువంతా మోసే కింది ఫ్రేము) తుప్పు తింటే మాత్రం ఎవరి దగ్గరికి వెళ్తారు?

ఉప్పుగాలి పైనుంచి కనిపించేలా తినదు. జిప్సీ చాసిస్ డబ్బాలా మూసిన ఇనుము. నీళ్లు పోవడానికి వదిలిన రంధ్రాలు మట్టితో పూడుకుపోతే తేమ లోపలే నిలిచి, లోపలి నుంచి తింటుంది. పైన నల్ల కోటింగ్ నిగనిగలాడుతూనే ఉంటుంది. ఓనరుని అడిగి చిన్న సుత్తితో పొడవునా తట్టుకుంటూ వెళ్లండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. తిన్నచోట శబ్దం మొద్దుగా వస్తుంది, అక్కడ స్క్రూడ్రైవర్ మొనతో నొక్కి చూడండి. ముఖ్యంగా వెనక కమాన్ కట్టల షాకిల్స్ (కట్ట చివరని చాసిస్‌కి కలిపే లింకులు) పట్టుకునే చోట, బాడీ రబ్బరు మౌంట్ల మీద కూర్చునే చోట. తర్వాత లోపల మ్యాట్లు ఎత్తి డ్రైవర్ కాళ్ల దగ్గర ఫ్లోర్ చూడండి.

షెడ్‌రాజు:
ఉక్కునగరం గారూ, మీ మాట సగమే ఒప్పుకుంటాను. విశాఖ బండికి తుప్పు లేకుండా ఎలా ఉంటుంది? ఆ లెక్కన ఇక్కడ ఎవరూ పాత బండి కొనకూడదు. ఏజెన్సీలో వెల్డింగ్ చేసిన జిప్సీలు ఏళ్ల తరబడి లోడ్లు మోస్తున్నాయి. ఫ్లోర్ పోతే రేకు కోసి కొత్త రేకు వేస్తాం, టింకరింగ్ చేస్తాం, అయిపోతుంది. ఇంజన్ అలా కాదు. జిప్సీ అమ్మకాలు ఆగింది 2019లో. అసలు సామాన్లు రోజురోజుకీ తగ్గుతున్నాయి. మంచి ఇంజన్ ఉన్న బండి దొరికితే వదులుకోవద్దని నేనంటాను. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించి చూడండి. మీరు వెళ్లేసరికే బానెట్ వేడిగా ఉంటే ఆ స్టార్టింగ్‌ని లెక్కలోకి తీసుకోకండి.

ఉక్కునగరం:
రాజుగారూ, ఫ్లోర్ రేకు వేరు, చాసిస్ వేరు. ఫ్లోర్‌కి మీరన్నట్టే చేయించుకోవచ్చు, ఆ ఖర్చు బేరంలో తగ్గించమని అడగొచ్చు. షాకిల్ దగ్గర చాసిస్‌కి పైపైన ప్లేటు అతికిస్తే, వెల్డింగ్ అంచున ఉన్న పల్చటి ఇనుమే మళ్లీ చిట్లుతుంది. ఘాట్ మలుపులో కమాన్ కట్ట ఊడితే బండిలో ఉన్నవాళ్ల గతేంటి? అతను ఆ బండిలో ఇంట్లోవాళ్లని ఎక్కించుకుంటాడు. ఈ ఒక్క విషయంలో నేను సర్దుకోలేను.

ఎర్రమట్టి:
మీరిద్దరూ అసలు సంగతి వదిలేశారు. అతను కొంటున్నది ఫోర్ వీల్ డ్రైవ్ కోసం. ముందు యాక్సిల్, ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజన్ శక్తిని ముందు, వెనక చక్రాలకి పంచే గేర్ పెట్టె) గురించి ఎవరూ మాట్లాడలేదు.

ముందు చక్రం జాకీ మీద లేపి, పైన ఒక చెయ్యి కింద ఒక చెయ్యి పెట్టి ఊపండి. ఆట ఉంటే మీ బావని బ్రేక్ తొక్కి పట్టుకోమనండి. ఆట పోతే వీల్ బేరింగ్‌ది, చిన్న పని. బ్రేక్ తొక్కినా ఆట అలాగే ఉంటే కింగ్‌పిన్ బేరింగులు (స్టీరింగ్‌తో చక్రం పక్కకి తిరిగే కీలు దగ్గరివి) అరిగినట్టు. రోడ్డు మీద ఓ వేగం దాటగానే స్టీరింగ్ గడగడలాడిపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. అమ్మేవాళ్లు "వీల్ బ్యాలెన్సింగ్ చేయిస్తే సరిపోతుంది" అంటారు. నమ్మకండి. చక్రం వెనక యాక్సిల్ చివరి గుండ్రటి భాగం మీద వేలు పెట్టి చూడండి. గ్రీజు పల్చగా, నూనెలా జారుతుంటే లోపలి సీల్ పోయి గేర్ ఆయిల్ బయటికొచ్చి గ్రీజులో కలుస్తున్నట్టు.

ఫోర్ వీల్ వేసి చూడటం మాత్రం మట్టి మీదే. జిప్సీలో ముందు వెనక చక్రాల మధ్య సెంటర్ డిఫరెన్షియల్ (మలుపులో ముందు, వెనక చక్రాలని వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్లు) లేదు. పొడి తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేసి మలుపు తిప్పితే లోపల అంతా బిగుసుకుంటుంది. ఖాళీ మట్టి స్థలానికి తీసుకెళ్లి ఫోర్-లో (ఫోర్ వీల్‌లో నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే గేరు) వేసి ఎత్తు ఎక్కండి, దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదిలేయండి. ఆ క్షణంలో లివర్ దానంతటదే న్యూట్రల్‌లోకి దూకితే ట్రాన్స్‌ఫర్ కేస్ విప్పాల్సిందే. పాడేరు ఘాట్‌లో దిగుతుండగా అలా దూకితే ఇంజన్ పట్టు పోయి బండి భారమంతా బ్రేకుల మీద పడుతుంది. క్లచ్ వదలగానే కింద "టక్" మంటే షాఫ్ట్ క్రాస్‌లు (చక్రాలకి శక్తి తీసుకెళ్లే షాఫ్ట్ చివర్ల కీళ్లు) అరిగాయి, అది పెద్ద ఖర్చు కాదు. నాలుగు టైర్లూ ఒకే సైజేనా అని కూడా చూడండి.

షెడ్‌రాజు:
ఎర్రమట్టి చెప్పినదానికి నేను అడ్డు చెప్పను. లివర్ దూకే బండ్లు మా షెడ్డుకీ వస్తాయి. పాత ఓనర్లు చాలామంది ఏళ్ల తరబడి ఫోర్ వీల్ వేయనే వేయరు, అందుకే ఆ తేడా వాళ్లకే తెలియదు. ఇంజన్ విషయంలో నా మాట అదే.

నీలిపెన్ను:
కాగితాల సంగతి కూడా. 2008 బండి అంటే 15 ఏళ్ల రిజిస్ట్రేషన్ 2023లోనే అయిపోయింది. రెన్యువల్ చేయించారా, ఎప్పటిదాకా ఉంది, ఆర్సీలో చూడండి. చాసిస్ నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింట్ తీయండి. తుప్పుకి అంకెలు చెరిగిపోతే బదిలీ దగ్గర ఆర్టీఓ ఆఫీసు చుట్టూ తిరగాలి. ఫైనాన్స్ ఉంటే, అప్పు తీరిందని చూపే ఫారం 35, బ్యాంకు లెటర్ చేతికి వచ్చాకే డబ్బు.

కాఫీతోట:
అందరికీ థాంక్స్. ఓనరుకి ఫోన్ చేశాను. సుత్తితో తట్టడానికి ఒప్పుకోలేదు, "కోటింగ్ పాడవుతుంది" అన్నారు. ర్యాంప్ ఎక్కించి చూస్తామంటే తన మెకానిక్ షెడ్డుకే రమ్మంటున్నారు. వెళ్లమంటారా?

ఉక్కునగరం:
వెళ్లండి, కానీ ర్యాంప్ మీరు ఎంచుకోండి. వాటర్ సర్వీసింగ్ షాపులో ర్యాంప్ ఎక్కించడానికి అయ్యే ఖర్చు మీరే పెట్టుకుంటామనండి. సుత్తి వద్దంటే, వెనక షాకిల్ దగ్గర అరచేయంత మేర కోటింగ్ గీకి చూసి, కొనకపోతే మళ్లీ కోటింగ్ వేయించి ఇస్తామని చెప్పండి. దానికీ ఒప్పుకోకపోతే నమస్కారం పెట్టి వచ్చేయండి. బేరం కూడా ఆడొద్దు.

షెడ్‌రాజు:
ఇందులో మాత్రం నాదీ అదే మాట. ర్యాంప్ ఎక్కించనివ్వని బండి నేనూ కొనను. శనివారం అయితే నేను ఖాళీ. మద్దిలపాలెం వైపు ఎక్కడైనా పెట్టుకోండి, వచ్చి చూస్తాను. ఇంజన్ నేను వింటాను, కింద మీరు గీకండి.