ఆపమన్నా ఆపని హిస్టెరోస్కోపీ తరువాత మళ్లీ అదే పరీక్షకు వెళ్లడం ఎలా?

ప్రశ్న

నా వయసు 56 సంవత్సరాలు. ముట్లు ఆగిపోయి నాలుగేళ్లు దాటిన తరువాత, రెండు నెలల క్రితం ఉన్నట్టుండి రక్తస్రావం కనిపించింది. స్కానింగులో గర్భసంచి లోపలి పొర మందం 7 మిల్లీమీటర్లు ఉందని తేలింది. హిస్టెరోస్కోపీ చేయాలని, అంటే సన్నని కెమెరా గొట్టాన్ని లోపలికి పంపి చూసి, చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపాలని చెప్పారు. మత్తు అవసరం లేదని, పది నిమిషాల్లో అయిపోతుందని, కొద్దిగా ఇబ్బందిగా ఉంటుందని తప్ప మరేమీ చెప్పలేదు. అంగీకార పత్రం మీద బల్ల ఎక్కబోయే ముందు సంతకం చేయించుకున్నారు. చదవడానికి వ్యవధి లేదు.

జరిగింది రాయాలంటే ఇప్పటికీ చెయ్యి వణుకుతోంది. నడుము కింది బట్టలన్నీ తీయమన్నారు గానీ కప్పుకోవడానికి ఏమీ ఇవ్వలేదు. కాళ్లు ఎత్తిపెట్టి పడుకున్న తరువాత గది తలుపు రెండుసార్లు తెరుచుకుంది, ఎవరో వచ్చి ఏదో ఫైలు అడిగి వెళ్లారు. పరికరం లోపలికి వెళ్లగానే పొత్తికడుపును మెలిపెట్టి పిండినట్టు నొప్పి వచ్చింది. "ఆపండి" అన్నాను. "కదలకండి, ఇంకొంచెమే, పిల్లల్ని కన్నవాళ్లు ఈ మాత్రం ఓర్చుకోలేరా" అన్నారు. నాకు పిల్లలు లేరు. ఆ సంగతి చెబుదామన్నా ఆ తరువాత నోరు పెగలలేదు. ఒళ్లంతా చెమటలు పట్టి, కళ్లు తిరిగి, వాంతి వచ్చేట్టయింది. అయిదు నిమిషాలు కూర్చోబెట్టి పంపేశారు.

ఇది జరిగి మూడు వారాలైంది. నిన్న వచ్చిన రిపోర్టులో ముక్క చాలినంత రాలేదని, మళ్లీ తీయాలని ఉంది. ఫోన్ చేసి వచ్చే వారం రమ్మన్నారు. ఆ మాట వినగానే కాళ్లూ చేతులూ చల్లబడిపోయాయి. నాకు ఓర్పు తక్కువా? ఒకసారి చూశారు కదా, ఈ పరీక్షను వదిలేస్తే ప్రమాదమా? వెళ్లక తప్పదంటే ఎలా వెళ్లాలి?

సమాధానం (గైనకాలజీ విభాగంలో నర్సుగా పనిచేసి విరమించినవారు)

ముందుగా మీరు భయపడుతున్న విషయమే చెబుతాను: ఈ పరీక్షను వదలకండి. ముక్క చాలలేదంటే జబ్బు లేదని అర్థం కాదు, జబ్బు ఉందో లేదో ఇంకా తెలియలేదని మాత్రమే అర్థం. ముట్లుడిగిన తరువాత రక్తస్రావం అయిన స్త్రీలలో లోపలి పొర మందం సాధారణంగా 4 మిల్లీమీటర్లు దాటితే ముక్క తీసి చూడమంటారు, మీది 7 ఉంది. ఇలా రక్తస్రావమైన వారిలో సుమారు పదిమందికి తొమ్మిదిమందిలో క్యాన్సర్ ఉండదు. పొర పలచబడటమో, పాలిప్ అనే చిన్న కండ పెరగడమో, అలాంటి కారణమే బయటపడుతుంది. మిగిలిన ఆ ఒక్కరి విషయంలో జబ్బు తొలి దశలోనే దొరికితే చికిత్స చాలావరకు ఫలిస్తుంది. అందుకే ఇంతగా చెబుతున్నాను.

అయితే పరీక్ష తప్పనిసరి కావడం వేరు, అది మొన్న జరిగిన తీరులోనే జరగాలనడం వేరు. ఈ రెంటినీ మీ మనసులో విడదీసి చూడమని నా మనవి.

మీకు అంత నొప్పి ఎందుకు వచ్చిందో చెబుతాను. ఈ పరీక్షలో నొప్పి పుట్టే చోట్లు మూడున్నాయి. గొట్టం గర్భసంచి మూతిని దాటేటప్పుడు ఒకటి, లోపల కనబడటానికి సెలైన్ పంపి గర్భసంచిని ఉబ్బించినప్పుడు రెండవది, ముక్క తీసేటప్పుడు మూడవది. సహజ కాన్పు కానివారికి ఆ మూతి ఎన్నడూ పూర్తిగా తెరుచుకుని ఉండదు, పైగా ముట్లుడిగిన తరువాత అది మరింత ముడుచుకుంటుంది. మీలో ఈ రెండు కారణాలూ ఉన్నాయి. కాబట్టి మీకు నొప్పి ఎక్కువగా ఉండవచ్చని వారు ముందే ఊహించి, ముందే అడిగి తెలుసుకుని ఉండవలసింది. చెమటలు పట్టడం, కళ్లు తిరగడం, వికారం కూడా పిరికితనం వల్ల వచ్చినవి కావు. గర్భసంచి మూతిని కదిలించినప్పుడు నరాల ప్రతిచర్య వల్ల కొందరిలో గుండె వేగం, బీపీ ఒక్కసారిగా పడిపోతాయి, దాన్ని వేసోవేగల్ రియాక్షన్ అంటారు. ఆ స్థితిలో పనిని ఆపి, తల కిందికి, కాళ్లు పైకి ఉండేలా పడుకోబెట్టి, పల్స్, బీపీ చూస్తూ, కుదుటపడేదాకా పక్కనే ఉండాలి. అయిదు నిమిషాలు కూర్చోబెట్టి పంపడం సరైన పద్ధతి కాదు.

మీరు ఒకసారి ఆపమన్నారు. అంగీకారం వెనక్కి తీసుకోవడానికి ఆ ఒక్క మాట చాలు. రెండోసారి అనలేకపోయినంత మాత్రాన మొదటి మాట రద్దు కాదు. ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో "ఇంకొంచెమే" అన్న మాట నేనూ చాలామందితో అన్నాను, అది ధైర్యం చెప్పడమే అనుకున్నాను. బల్ల మీద పడుకున్న మనిషికి అది "నీ మాట మేము వినము" అని వినిపిస్తుందని చాలా ఆలస్యంగా గ్రహించాను. నా చేతి కింద బాధపడినవారు గుర్తుకొస్తే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఇక ఈసారి ఏమడగాలి? బ్రిటన్‌లోని స్త్రీ వైద్య నిపుణుల రాయల్ కాలేజీ 2023లో ఈ పరీక్షలో నొప్పి నివారణ గురించే ప్రత్యేకంగా ఒక పత్రం వెలువరించింది. నొప్పి మనిషి మనిషికీ మారుతుందని ముందే చెప్పాలని, మత్తు ఇచ్చి చేసే మార్గం కూడా ఉందని తెలపాలని, భరించలేకపోతే ఆపేయాలని అందులోని సారాంశం. కాబట్టి మీరు మత్తు అడగడం గొంతెమ్మ కోరిక కాదు. పూర్తి మత్తు, వెన్నుపూసకు ఇచ్చే ఇంజెక్షన్, నరం ద్వారా మగతకు ఇచ్చే మందు, గర్భసంచి మూతి దగ్గర తిమ్మిరెక్కించే ఇంజెక్షన్ అని నాలుగు మార్గాలున్నాయి. మొన్న మీకు జరిగినదాన్ని బట్టి నేనైతే మొదటి రెంటిలో ఒకటి అడుగుతాను. పూర్తి మత్తుకు సాధారణంగా ఆరు గంటల ముందు నుంచి ఘనాహారం మానాలి, రెండు గంటల ముందు నుంచి నీళ్లు కూడా తాగకూడదు, ఆ రోజు తోడుగా ఒకరు ఉండాలి.

ఏ కారణం చేతనైనా మెలకువగానే చేయించుకోవలసి వస్తే, స్పెక్యులమ్ (యోనిని తెరిచి ఉంచే పరికరం) పెట్టకుండా సన్నని గొట్టాన్ని నేరుగా పంపే పద్ధతి ఉందా అని అడగండి. దాన్ని వజైనోస్కోపీ అంటారు, దానిలో నొప్పి తక్కువ. పరీక్షకు సుమారు గంట ముందు ఐబుప్రొఫేన్ వంటి నొప్పి మాత్ర వేసుకోమంటారు. అయితే కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, ఆస్తమా ఉన్నా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా మీ డాక్టరును అడగకుండా వేసుకోకండి.

పరీక్ష తరువాత ఒకటి రెండు రోజులు పొత్తికడుపులో పట్టేసినట్టు ఉండటం, కొద్ది రోజులు కాస్త రక్తం కనిపించడం మామూలే. 38 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం, తగ్గకపోగా పెరుగుతున్న నొప్పి, దుర్వాసనతో కూడిన స్రావం, గంటకొక ప్యాడ్ తడిసిపోయేంత రక్తం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మొన్నటి పరీక్ష తరువాత ఇలాంటిది ఏదైనా జరిగి, మీరు ఓర్చుకుని ఊరుకుని ఉంటే, ఇప్పుడైనా చెప్పండి.

సమాధానం (ఇదే పరీక్ష రెండుసార్లు చేయించుకున్నవారు)

మీ ప్రశ్న చదువుతుంటే నా మొదటి పరీక్షే కళ్ల ముందు కదిలింది. పళ్ల బిగువున భరించి, ఇంటికి వచ్చి స్నానాలగదిలో కూర్చుని ఏడ్చాను. రెండోసారి వేరే డాక్టరు దగ్గర పూర్తి మత్తులో చేయించుకున్నాను. కళ్లు తెరిచేసరికి అంతా అయిపోయింది.

నాకు అన్నిటికన్నా ఉపయోగపడినది ఒక చిన్న కాగితం. ఆ గదిలోకి వెళ్లిన తరువాత నోట మాట రాదని నాకు తెలుసు గనుక, ఇంటి దగ్గరే ఇలా రాసుకుని వెళ్లాను: "గతంలో ఈ పరీక్షలో నాకు చాలా బాధాకరమైన అనుభవం జరిగింది. ఏం చేయబోతున్నారో ప్రతి పనికీ ముందు చెప్పండి. మత్తు ఎక్కేదాకా నన్ను కప్పి ఉంచండి. అవసరం లేనివారిని గదిలోకి రానివ్వకండి." దాన్ని ముందు నర్సుకు, తరువాత మత్తు డాక్టరుకు ఇచ్చాను. ఇద్దరూ చదివారు. నర్సు తలుపు లోపలి నుంచి గడియ వేసి వచ్చి, నా భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. ఆమె పేరు కూడా అడగలేదు, ఆ చెయ్యి మాత్రం నాకు గుర్తుండిపోయింది.

ప్రశ్న అడిగినవారు

మీ ఇద్దరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. పరీక్ష వదలకూడదని నిశ్చయించుకున్నాను. మరో రెండు సంగతులు అడగాలి. రాత్రి నిద్ర పట్టగానే ఆ గది కనిపించి ఉలిక్కిపడి లేస్తున్నాను, డెట్టాల్ వాసన తగిలినా గుండె దడదడలాడుతోంది. ఎవరైనా మీద దాడి చేస్తుంటే అరవకుండా ఉంటామా, నేనెందుకు అరవలేదు అన్న ప్రశ్న నన్ను వదలడం లేదు. రెండవది, దీని మీద ఫిర్యాదు చేయాలని నాకుంది. మావారేమో "అయిందేదో అయింది, మళ్లీ అక్కడికే వెళ్లాలి కదా, వాళ్లతో పెట్టుకోవడం ఎందుకు" అంటున్నారు.

సమాధానం (మనస్తత్వ నిపుణులు, కౌన్సెలర్)

మీ మొదటి సంగతికి జవాబు చెబుతాను. తీవ్రమైన భయం, తప్పించుకునే వీలులేని స్థితి ఒక్కటైనప్పుడు శరీరం తనంతట తానే బిగుసుకుపోతుంది. గొంతు పూడుకుపోతుంది, కాళ్లూ చేతులూ కదలవు. పోరాడటం, పారిపోవడం లాగే ఇది కూడా మన ఇష్టంతో నిమిత్తం లేని ప్రతిచర్య. మీరు కాళ్లు ఎత్తిపెట్టి, బట్టలు లేకుండా, లోపల పరికరంతో ఉన్నారు. కదలకండి అని వారే అన్నారు. అలాంటప్పుడు మీ శరీరం చేయగలిగిందే చేసింది. "ఎందుకు అరవలేదు" అన్న ప్రశ్నకు మీరు జవాబుదారు కారు; "ఆపమన్న తరువాత ఎందుకు ఆపలేదు" అన్న ప్రశ్నకు వారు జవాబుదారు.

పీడకలలు, వాసనకే గుండె దడ, ఆ చోటు తలచుకోవడానికే వెనుకాడటం మొదటి వారాల్లో చాలామందిలో కనిపిస్తాయి, చాలామందిలో వాటంతట అవే సద్దుమణుగుతాయి. ఒక నెల దాటినా అలాగే ఉంటే, లేదా వాటివల్ల అవసరమైన వైద్యానికే వెళ్లలేకపోతే, నిపుణుల సాయం తీసుకోవాలి. గాయపు జ్ఞాపకాల మీద పనిచేసే ప్రత్యేకమైన సీబీటీ (ఆలోచనల, ప్రవర్తన తీరును మార్చుకునేందుకు మాటల ద్వారా చేసే చికిత్స), ఈఎండీఆర్ (జ్ఞాపకాన్ని తలచుకుంటూ కళ్లను అటూ ఇటూ కదిలించే పద్ధతితో చేసే చికిత్స) అనే రెండింటికి మంచి ఆధారాలున్నాయి. మూడు వారాలు గడిచి, మళ్లీ పరీక్ష దగ్గర పడుతోంది గనుక మీరు ఇప్పుడే ఒకసారి కలవడం మంచిదని నా అభిప్రాయం. ఈలోగా "అంతా కక్కేస్తే తేలికవుతుంది" అని జరిగినదంతా పదే పదే చెప్పించేవారి మాట వినకండి. ఎవరికి, ఎంతవరకు చెప్పాలో మీరే నిర్ణయించుకోండి. రాత్రి ఉలిక్కిపడి లేచినప్పుడు పాదాలు రెండూ నేల మీద గట్టిగా ఆనించి, ఇది ఏ గదో, ఈ రోజు ఏ తేదీయో పైకి చెప్పుకోండి. జ్ఞాపకం ఇప్పుడు జరుగుతున్నట్టు అనిపిస్తున్నప్పుడు, అది గడిచిపోయిందని శరీరానికి తెలియజేయడానికి ఇది పనికొస్తుంది.

సమాధానం (మొదట జవాబిచ్చిన నర్సు)

ఫిర్యాదు గురించి నేను చెబుతాను. మీవారి భయం అర్థమవుతోంది గానీ, రెండో పరీక్షను అక్కడే చేయించుకోవాలన్న నియమం ఏదీ లేదు. స్కాన్ రిపోర్టు, బయాప్సీ రిపోర్టు, ఆ రోజు పరీక్ష గురించి డాక్టరు రాసిన నోట్సు నకలు, అంగీకార పత్రం నకలు రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. వాటితో మరో డాక్టరును కలవవచ్చు. రోగి తన డాక్టరును స్వేచ్ఛగా ఎంచుకోవడం, ఏ దశలోనైనా మరో డాక్టరు అభిప్రాయం అడగడం హక్కులని ప్రపంచ వైద్య సంఘం 1981లో ఆమోదించి, తరువాత సవరించిన లిస్బన్ ప్రకటన చెబుతుంది. గౌరవానికి, ఏకాంతానికి భంగం కలగకుండా వైద్యం పొందడం కూడా హక్కేనని అందులో ఉంది.

ఉత్తరం ఎప్పుడు ఇవ్వాలన్నది మీ ఇష్టం, కానీ జరిగింది రాసుకోవడం మాత్రం ఈ రోజే చేయండి. తేదీ, సమయం, గదిలో ఎవరెవరున్నారు, మీరన్న మాట, వారన్న మాట, ఎంతసేపు కూర్చోబెట్టారు అన్నవి వరుసగా రాయండి. మాటలను వీలైనంతవరకు ఉన్నవి ఉన్నట్టు కొటేషన్లలో పెట్టండి. "నిర్లక్ష్యం చేశారు" అనడం కన్నా "ఆపండి అన్న తరువాత కూడా కొనసాగించారు, కప్పుకోవడానికి ఏమీ ఇవ్వలేదు, తలుపు రెండుసార్లు తెరిచారు" అన్న వాక్యం బలమైనది, దాన్ని తోసిపుచ్చడం కష్టం. చివర మీకేం కావాలో స్పష్టంగా అడగండి: రాతపూర్వక వివరణా, క్షమాపణా, ముందుగానే మత్తు గురించి చెప్పే ఏర్పాటా? ఉత్తరాన్ని ఆసుపత్రి సూపరింటెండెంటుకో, ఫిర్యాదుల విభాగానికో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. జవాబు రాకపోతే, లేదా వచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోతే, డాక్టర్ల రిజిస్ట్రేషన్ చూసే వైద్య మండలికి వెళ్లవచ్చు. అయితే ఈ పనులేవీ పరీక్షను వెనక్కి నెట్టకూడదు. పరీక్ష ముందు, ఉత్తరం దాని వెంట.

ప్రశ్న అడిగినవారు

నిన్న రాత్రి కూర్చుని రెండు పేజీలు రాశాను. ఉదయం మావారికి చదివి వినిపించాను. తలుపు తెరుచుకున్న సంగతి ఆయనకు ఇంతవరకు చెప్పలేదు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తరువాత నకళ్లు తెచ్చుకోవడానికి తానే వస్తానన్నారు. మరో ఆసుపత్రికి ఫోన్ చేసి, మొదటి వాక్యంలోనే పూర్తి మత్తు కావాలని చెప్పాను. అవతలివారు కారణమైనా అడగకుండా సరేనన్నారు, మత్తు డాక్టరును ముందుగా కలవడానికి సోమవారం రమ్మన్నారు. పరీక్ష ఆ తరువాతి గురువారం. కాగితం మీద నాలుగు వాక్యాలూ రాసి హ్యాండుబ్యాగులో పెట్టుకున్నాను.