టైమర్ టిక్ అయినప్పుడల్లా స్క్రీన్ బిగుసుకుపోతోంది, ఏం చేయాలి?

ప్రశ్న:
అందరికీ నమస్తే. మా ఊరి రైస్ మిల్లు వేబ్రిడ్జికి సీ షార్ప్‌లో విన్‌ఫామ్స్ (విండోస్ స్క్రీన్లు తయారుచేసే పద్ధతి) ప్రోగ్రాం రాసిచ్చాను. ఫామ్ మీద టైమర్ పెట్టి ఇంటర్వల్ 5000 మిల్లీసెకన్లు ఇచ్చాను, అంటే 5 సెకన్లకోసారి కొత్త తూకాలు ఆఫీసు గదిలోని సర్వర్‌కి వెళ్లాలి. మామూలుగా బాగానే నడుస్తుంది, కానీ నెట్‌వర్క్ కేబుల్ కాస్త వదులైతే చాలు, స్క్రీన్ తెల్లబడి ‘నాట్ రెస్పాండింగ్’ అని వస్తోంది. నిన్న కాటా మీద వడ్ల లారీ, వెనక నాలుగు ట్రాక్టర్లు, గుమస్తా ప్రింట్ బటన్ నొక్కుతూనే ఉన్నాడు, స్లిప్ రాదు. దానికి తోడు టిక్‌లోనే (టైమర్ మోగినప్పుడల్లా నడిచే కోడ్‌లో) ఎర్రర్‌కి మెసేజ్‌బాక్స్ పెట్టాను, అవి ఒకదాని మీద ఒకటి పేరుకుపోయాయి. టైమర్ వేరే థ్రెడ్‌లో (పక్కన విడిగా నడిచే పనివరుసలో) నడవదా? సిస్టమ్.టైమర్స్.టైమర్ అనే ఇంకో టైమర్‌కి మారిస్తే సరిపోతుందా?

జవాబు 1:
నడవదండీ. ఫామ్ టైమర్ డబ్ల్యూఎం_టైమర్ అనే విండోస్ మెసేజ్ మీద నడుస్తుంది, బటన్ క్లిక్కులు చూసుకునే థ్రెడ్డే దాన్నీ చూసుకుంటుంది. టిక్‌లో సర్వర్ కోసం 20 సెకన్లు ఆగారంటే ఆ 20 సెకన్లూ ప్రింట్ బటన్ కూడా ఆగాల్సిందే. మెసేజ్‌బాక్స్ తెరిచి ఉన్నా మెసేజ్‌లు తిరుగుతూనే ఉంటాయి కాబట్టి మళ్లీ టిక్, మళ్లీ బాక్స్. అది తీసేసి కింద లేబుల్లో రాయండి. ఫామ్ టైమర్‌ని స్క్రీన్ మీద గడియారం, బరువు మార్చడానికి మాత్రం ఉంచుకోండి.

జవాబు 2:
సిస్టమ్.టైమర్స్.టైమర్‌కి మారేముందు ఒక మాట, నేను దెబ్బతిన్నాను కాబట్టి చెప్తున్నా. దాని టిక్‌ని ఇలాప్స్‌డ్ అంటారు, అది థ్రెడ్‌పూల్‌లో (వెనక సిద్ధంగా ఉండే థ్రెడ్‌లలో) నడుస్తుంది, మొదటిది పూర్తవకముందే రెండోది మొదలైపోతుంది, నేను రాసిన బిల్లింగ్ ప్రోగ్రాంలో ఒకే బిల్లు మూడుసార్లు ఎక్కింది. ఆటోరీసెట్ ఫాల్స్ పెట్టి (అప్పుడు ఒక్కసారి మోగి ఆగుతుంది), పని అయ్యాక ఫైనల్లీ బ్లాక్‌లో (ఎర్రర్ వచ్చినా తప్పక నడిచే చోట) మళ్లీ స్టార్ట్ చేయండి. లేబుల్‌ని నేరుగా ముట్టుకోవద్దు, ఆ పనిని స్క్రీన్ థ్రెడ్‌కి అప్పగించే బిగిన్‌ఇన్వోక్ వాడండి. అన్నిటికంటే టెన్షన్ పెట్టేది, ఇలాప్స్‌డ్‌లో వచ్చే ఎక్సెప్షన్‌ని (ఎర్రర్‌ని) ఆ టైమర్ చప్పుడు లేకుండా మింగేస్తుంది. ట్రై క్యాచ్ పెట్టి, అంటే ఎర్రర్‌ని పట్టుకుని, లాగ్ రాయకపోతే తూకాలు వెళ్లట్లేదన్న సంగతే మీకు తెలియదు.

అడిగినవారు:
థాంక్స్ అండీ, ఆ మింగేయడం గురించి ఇప్పుడే వింటున్నాను. నాది డాట్‌నెట్ 8.

జవాబు 3:
అయితే పీరియాడిక్‌టైమర్ ఉంది కదా, డాట్‌నెట్ 6లోనే వచ్చింది. ఫామ్ లోడ్‌లో వైల్ లూప్ పెట్టి వెయిట్‌ఫర్‌నెక్స్ట్‌టిక్‌అసింక్‌ని అవెయిట్ చేయండి (స్క్రీన్‌ని ఆపకుండా తర్వాతి టిక్ కోసం ఎదురుచూడటం), లోపల పంపే పనిని టాస్క్.రన్‌లో (వెనక థ్రెడ్‌లో) పెట్టి దాన్నీ అవెయిట్ చేయండి. పంపడం అయ్యేదాకా లూప్ కదలదు, ఈలోపు రెండు మూడు టిక్కులు దాటిపోయినా ఒక్కటిగానే వస్తాయి. అవెయిట్ తర్వాత యూఐ (స్క్రీన్) థ్రెడ్‌కే తిరిగొస్తారు, లేబుల్‌కి ఇన్వోక్ అక్కర్లేదు. ఫామ్ మూసేటప్పుడు టైమర్‌ని డిస్పోజ్ చేస్తే ఫాల్స్ వచ్చి లూప్ ఆగిపోతుంది. ట్రై క్యాచ్ మాత్రం లూప్ లోపల ఉండాలి, బయట పెడితే మొదటి ఎర్రర్‌కే లూప్ అయిపోతుంది. ఇంకో సంగతి, తూకం ముందు ఆ కంప్యూటర్‌లోనే ఎస్‌క్యూలైట్ (చిన్న డేటాబేస్) ఫైల్లో రాయండి, స్లిప్ దాన్నుంచే ప్రింటవ్వాలి. సర్వర్ అందలేదని రైతు ఎండలో నిలబడకూడదు.

అడిగినవారు:
మార్చేశాను. కావాలనే కేబుల్ పీకి చూశాను, కింద ‘సర్వర్ అందట్లేదు, 3 తూకాలు పెండింగ్’ అని వచ్చింది, స్లిప్పులు మాత్రం ఆగలేదు. కేబుల్ పెట్టాక తర్వాతి టిక్‌కే మూడూ వెళ్లిపోయాయి.